కొండ మీద రాలిన ఆకు ఎటు పోతుంది?

మాఘమాసం వచ్చేసరికి పెనుకొండ కొండ మీదా, రొద్దం గుట్టల్లోనూ, ధర్మవరం చుట్టుపక్కల బోడి తిప్పల మీదా చెట్లు ఆకు దులిపేసుకుంటాయి. నారేపి, చిగర, బిల్లుడు, సీతాఫలం ఒకదాని వెనక ఒకటి మోడవుతాయి. కింద రాళ్ళ సందుల్లో జానెడు మందాన ఎండుటాకు పేరుకుంటుంది. ఏటా ఇలాగే రాలుతుంది. రాలింది రాలినట్టే ఉండిపోతే ఇరవై ఏళ్ళలో మనిషి లోతు ఆకు ఉండాలి. ఉండదు. మరుసటి మాఘానికి నేల మళ్ళీ దాదాపు ఖాళీ.

"కుళ్ళి ఎరువవుతుంది" అని మనమందరం ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ మాట తప్పు కాదు. అయితే బడిపుస్తకాల్లో చదువుకున్న కుళ్ళడం తడి అడవులది. అక్కడ ఆకు కింద ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, నల్లటి మట్టి ఉంటుంది, వానపాములు ఉంటాయి. మన సీమ సంగతి వేరు. ఈ ప్రాంతం నైరుతి గాలులకు పడమటి కనుమల చాటున పడిపోయింది. ఏడాది మొత్తానికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. ఆకు రాలడం మాత్రం జనవరి నుంచి మార్చి మధ్య. అంటే రాలిన ఆకుకు నాలుగైదు నెలలపాటు సరిగా చుక్క నీరు తగలదు. ఆకు రాలే కాలానికీ తడి వచ్చే కాలానికీ మధ్య ఉన్న ఈ ఎడమే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు అడవికీ నేలకూ ఉన్న సంబంధాన్ని నిర్ణయిస్తుంది. ఆ ఎడంలో ఏం జరుగుతుందో తెలిస్తే మన చేను సంగతి కూడా సగం అర్థమైనట్టే.

మొదట, చెట్టు ఏం వదులుతుందో చూడాలి. ఆకు పండుబారడం ఊరికే జరిగే పని కాదు. రాల్చబోయే ముందు చెట్టు ఆ ఆకులోని పత్రహరితాన్ని, మాంసకృత్తులను విడగొట్టి, నత్రజని, భాస్వరాల్లో సుమారు సగాన్ని కొమ్మల్లోకీ కాండంలోకీ వెనక్కి లాగేసుకుంటుంది. నేల ఎంత బీదదైతే ఈ పిసినారితనం సాధారణంగా అంత ఎక్కువ. కాల్షియం మాత్రం కణాల గోడల్లో ఇమిడిపోయి ఉంటుంది కాబట్టి వెనక్కి తీసుకోలేదు, అది ఆకుతోపాటే పోతుంది. కనుక నేల మీద పడే ఎండుటాకులో కాల్షియం దండిగా, నత్రజని ఓ మోస్తరుగా, భాస్వరం మరీ తక్కువగా ఉంటాయి. మోటుగా లెక్క వేసుకుందాం. నూటికి ఒక పాలు నత్రజని ఉన్న ఎండుటాకు ఒక టన్ను ఉంటే అందులో 10 కిలోల నత్రజని ఉన్నట్టు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని కాబట్టి, ఆ టన్ను ఆకు దాదాపు 22 కిలోల యూరియాతో సమానం. అంటే ఇప్పుడు అంగడిలో దొరికే 45 కిలోల బస్తాలో సగం. భాస్వరం మాత్రం టన్నుకు ఒక కిలో ఉంటే గొప్ప.

ఇక ఆ నాలుగైదు ఎండు నెలల మాట. తడి లేకపోతే సూక్ష్మజీవులు పని చేయవు, ఆకు అలాగే పడి ఉంటుందని శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం అనుకున్నారు. అర్జెంటీనాలోని పటగోనియా ఎండు మైదానాల్లో ఎమీ ఆస్టిన్, లూసియా వివాంకో అనే శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 2006లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అక్కడ రాలిన ఆకును అరగదీసేది ప్రధానంగా ఎండేనని వాళ్ళు చూపించారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, మామూలు వెలుగు కూడా, ఆకులోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని నేరుగా చిట్లగొడతాయి. కొంత కర్బనం అలాగే గాలిలో కలిసిపోతుంది. మిగిలిన ఆకు పెళుసుబారి, ఆ తర్వాత సూక్ష్మజీవులకు తేలిగ్గా లొంగుతుంది. మన కొండల మీద కూడా మార్చి, ఏప్రిల్ ఎండలకు చెట్ల కింద నీడే ఉండదు కదా. ఆకులేని కొమ్మల కింద, మండే బండల మీద పరుచుకున్న ఆకుకు ఈ ఎండ దెబ్బ తప్పదు.

ఎండ కన్నా పెద్ద పనివాళ్ళు చెదలు. రైతుకు చెదపురుగు పేరెత్తితేనే ఒళ్ళుమంట. వేరుశనగ కాయ పెంకును గీరేస్తుంది, తలుపుల చట్రాలు తినేస్తుంది. ఆ కోపం న్యాయమే. అడవిలో మాత్రం వానపాము చేయలేని పనిని చేస్తున్నది ఇదే. వానపాముకు చెమ్మ కావాలి, ఎండాకాలంలో అది లోతుకు దిగి ముడుచుకు పడుకుంటుంది. చెద తన చెమ్మను తానే మోసుకొస్తుంది. రాలిన ఆకు మీదా పుల్ల మీదా పల్చటి మట్టిపొర కప్పి, ఆ చాటున చల్లగా కూర్చుని కొరుక్కుపోతుంది. ఎండిన పుల్లను ఎత్తి చూడండి, ఒక పక్క మట్టి పూత ఉంటుంది, లోపల డొల్ల.

మన వైపు పుట్టలు కట్టే చెదల్లో చాలా జాతులు బూజును సాగు చేస్తాయి. కొరికి తెచ్చిన ఆకునూ కట్టెనూ పుట్ట లోపల తేనెపట్టు లాంటి ముద్దలుగా పేర్చి, వాటి మీద ఒక రకం బూజును పెంచుతాయి. లిగ్నిన్‌ను విరగ్గొట్టే పని ఆ బూజుది. అరగని పదార్థం అరిగాక దాన్ని చెదలు తింటాయి. మంచి వానలు పడ్డాక పుట్టల మీద లేచే పెద్ద పుట్టగొడుగులు ఆ లోపలి బూజు పంటకు పైకి వచ్చిన కాపే. జూన్ నుంచి డిసెంబరు దాకా మాత్రమే చెమ్మ ఉండే కొండ మీద, ఏడాది పొడుగునా చెమ్మ ఆరని గది పుట్ట లోపల ఒకటి ఉందన్నమాట. ఆకు అక్కడికి వెళ్ళి కుళ్ళుతుంది. అందుకే పుట్టమట్టిలో చుట్టుపక్కల మట్టి కన్నా పోషకాలు తరచుగా ఎక్కువ ఉంటాయి. పాత పుట్ట కరిగిపోయిన చోట గడ్డి ఒత్తుగా లేవడం పశువులు కాసేవాళ్ళకు తెలియనిది కాదు.

రోకలిబండలు, చీమలు, పేడపురుగులు కూడా తమ వంతు నమలడం నములుతాయి. వాటన్నిటి సంగతీ చెప్పుకుంటూ పోతే వాన వచ్చేస్తుంది.

వాన వచ్చిన రోజు అసలు కథ. రోహిణిలోనో మృగశిరలోనో ఒక పెద్ద జల్లు పడుతుంది. ఆకు నుంచి మొట్టమొదట బయటపడేది పొటాషియం. అది ఆకు కణాల్లో ఏ పదార్థంలోనూ కట్టుబడి ఉండదు, రసంలో కరిగి తిరుగుతూ ఉంటుంది. అందువల్ల కుళ్ళడంతో పని లేకుండా వాననీటికే కరిగి కిందికి దిగిపోతుంది. ఎండుటాకును గంటసేపు నీళ్ళలో నానబెడితే నీరు టీ రంగుకు తిరుగుతుందే, ఆ నీటిలో పొటాషియంతోపాటు చక్కెరలు, కొన్ని ఆమ్లాలు కూడా ఉంటాయి. మట్టిలో నిద్రపోతున్న సూక్ష్మజీవులకు అదే మొదటి ముద్ద.

ఆ సూక్ష్మజీవులు ఎంత వేగంగా లేస్తాయో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన బర్చ్ అనే మృత్తికా శాస్త్రవేత్త 1950ల చివర్లో కొలిచి చూపించాడు. బాగా ఎండిన మట్టిని తడిపితే, ఎప్పుడూ తడిగా ఉన్న మట్టిలో కన్నా ఎన్నో రెట్లు వేగంగా కర్బనం, నత్రజని విడుదలవుతాయి. కొద్ది రోజులకే ఆ ఊపు తగ్గిపోతుంది. మళ్ళీ ఎండి మళ్ళీ తడిస్తే మళ్ళీ ఊపు. ఇప్పటికీ దీన్ని బర్చ్ పేరుతోనే పిలుస్తారు. ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల కళేబరాలు, ఎండకు పగిలిన మట్టిగడ్డల లోపల దాగిన సేంద్రియ పదార్థం, ఎండ దెబ్బతిన్న ఆకు, ఇవన్నీ ఒక్కసారిగా అందుబాటులోకి రావడమే కారణం. మొదటి వానకు మట్టి వాసన వేస్తుంది కదా, అందులో ప్రధానమైనది జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. ఆకును కుళ్ళబెట్టే గుంపులో అవి పాత కాపులు.

ఆకులోని మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలవుతాయి, వాటి నుంచి అమ్మోనియం పుడుతుంది. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. వేర్లు ఎక్కువగా తీసుకునేది ఈ నైట్రేటునే. చిక్కు కూడా దానితోనే. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, నైట్రేటుకూ రుణావేశమే, కాబట్టి మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. వేరు అందుకోకపోతే తర్వాతి పెద్ద వానకు కిందికో పక్కకో పోతుంది. తొలి పదునుకే విత్తు పడాలని పెద్దలు తొందరపెట్టేది చెమ్మ కోసమే కాదు. ఆ పదునులో మట్టి ఇచ్చే నత్రజని ఆ తర్వాతి పదునులో అంత ఉండదు. రైతు సాధికార సంస్థ ద్వారా 2016 నుంచి రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో, వానలకు ముందే ఎండు నేలలో రకరకాల విత్తనాలు చల్లి పైన చెత్త కప్పించే పద్ధతి ఉంది. దాని మంచిచెడ్డల మీద ఎన్ని వాదాలున్నా, మొదటి వాన నాటికి నేలలో బతికున్న వేరు ఉండాలన్న ఆలోచన మాత్రం ఈ నేల తీరుకు సరిపోతుంది.

ఆకు పడగానే పంటకు బలం వస్తుందనుకుంటే కొన్నిసార్లు మోసపోతాం. సూక్ష్మజీవులకు కర్బనంతోపాటు నత్రజని కూడా కావాలి. ఆకులో ఒక పాలు నత్రజనికి పాతిక పాళ్ళ దాకా కర్బనం ఉంటే వాటి అవసరం తీరి కొంత మిగులుతుంది, ఆ మిగులు మట్టికి వస్తుంది. కర్బనం అంతకు చాలా ఎక్కువై, ఎండు బోదగడ్డిలాగానో జొన్న చొప్పలాగానో ఉంటే, తక్కువ పడిన నత్రజనిని సూక్ష్మజీవులు మట్టి నుంచి అప్పు తెచ్చుకుంటాయి. అప్పు తీరుస్తాయి, కాదనం. కానీ అవి చచ్చి, మళ్ళీ విడిపోయేదాకా ఆగాలి. ఈలోగా పైరు పసుపుబారుతుంది. ఎండు చెత్త దున్నేసిన చేలో మొలక నీరసంగా ఉంటే కారణం ఇదే.

కానుగ ఆకు తీరు వేరు. కానుగ వేళ్ళ బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఉంటుంది, ఆకులో నత్రజని ఎక్కువ. పచ్చిగా ఉన్నప్పుడే కోస్తే చెట్టు వెనక్కి లాక్కునే అవకాశమే ఉండదు. చెరువు కింద మడి దమ్ము చేసేటప్పుడు కానుగ కొమ్మలు, జిల్లేడు, తంగేడు తెచ్చి తొక్కించిన పాతకాలపు రైతు ఈ లెక్కలు రాయలేదు గానీ, లెక్క తప్పలేదు. నాలుగైదు అడుగుల దూరంలో చింతాకు, కానుగాకు, బందరాకు రాలి ఉన్నా అవి ఒకే వేగంతో పోవు. మైనం పూత, చేదు, వగరు, లిగ్నిన్ ఎక్కువైన కొద్దీ ఆలస్యం.

భాస్వరం దారి ఇంకా కష్టం. మన ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేది ఇనుము ఆక్సైడ్లు. ఆకు నుంచి విడుదలైన కాస్త భాస్వరాన్ని అవి గట్టిగా పట్టేసుకుంటాయి. అందుకే అడవి చెట్లు వేర్లకు అంటుకున్న బూజుదారాల మీద ఆధారపడతాయి. ఆ దారాలు వెంట్రుక కన్నా సన్నగా ఉండి, కుళ్ళుతున్న ఆకుల మధ్యకే చొచ్చుకుపోయి, భాస్వరం ఇనుము చేతిలో పడేలోగా అందుకుని వేరుకు చేరవేస్తాయి. ప్రతిఫలంగా చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది.

ఇంతా పోగా మిగిలేది, ఇక తేలిగ్గా విరగని ముదురు రంగు పదార్థం. హ్యూమస్ అంటాం. ఎర్ర నేలలోని బంకమట్టికి పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. నల్లరేగడికి ఉన్నంత గుణం దానికి లేదు. కాబట్టి పొటాషియం, కాల్షియం, అమ్మోనియం కొట్టుకుపోకుండా ఆపే బాధ్యతలో పెద్ద వంతు హ్యూమస్ మీదే పడుతుంది. మన దగ్గర వేడి వల్ల హ్యూమస్ నిలవడం కష్టం, ఏటా కొత్తది చేరుతూ ఉండాలి.

ఆకు సత్తువ కొండ మీదే ఉండిపోదు. కిందికి రెండు దారులున్నాయి. ఒకటి వంక. కొండ మీద వాన నీరు వంకల వెంట దిగి, సన్నని ఒండ్రునూ ఆకుముక్కలనూ హ్యూమస్‌నూ చెరువుకు చేరుస్తుంది. బుక్కపట్నం, ధర్మవరం లాంటి పెద్ద చెరువులే కాదు, ఊరూరి కుంటలూ అంతే. ఎండాకాలంలో చెరువు మట్టి బండ్లకెత్తి చేలకు తోలుకోవడమంటే కొండ నుంచి దిగిపోయిన సత్తువను మళ్ళీ ఇంటికి తెచ్చుకోవడమే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టి కోసం రైతులు ముందుకు వచ్చింది అందుకే. రెండో దారి గొర్రెల మంద. పగలంతా గుట్టల్లో ఆకూ అలమూ మేసి, రాత్రి పొలంలో నిలిపిన మంద, కడుపులో సగం కుళ్ళబెట్టిన ఆకును పెంటికల రూపంలో, ఉచ్చ రూపంలో దింపుతుంది. అడవిలో నెలలు పట్టే పని గొర్రె కడుపులో రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. అయితే ఉచ్చలోని నత్రజని ఎండకు అమ్మోనియాగా ఎగిరిపోతుంది. మంద లేవగానే గుంటక తోలితే నష్టం తగ్గుతుంది.

మూడో దారి నిప్పు. అది దారి కాదు, దోపిడీ అనాలి. ఫాల్గుణ, చైత్రాల్లో రాత్రిపూట కొండల మీద ఎర్రగా పాకే మంటలు ఈ వైపు వాళ్ళకు కొత్త కాదు. కాలిస్తే వానకు గడ్డి లేతగా లేస్తుందని కొందరు కాపరుల నమ్మకం. అందులో కొంత నిజముంది. బూడిదలో పొటాషియం, కాల్షియం, కొంత భాస్వరం వెంటనే అందేలా ఉంటాయి, గడ్డి నిజంగానే పచ్చగా లేస్తుంది. పోయినదాన్ని మాత్రం ఎవరూ చూడరు. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆకులోని నత్రజని ఆవిరై పోవడం మొదలవుతుంది. ఆకుమంట అంతకన్నా చాలా వేడి. మనం పైన లెక్క కట్టిన అర బస్తా యూరియాలో అధిక భాగం పొగతో వెళ్ళిపోయినట్టే. మిగిలిన బూడిదను వేసవి గాలీ తొలివానా చెరి సగం పట్టుకుపోతాయి. ఆకు కప్పు లేని వాలు మీద వాన చినుకు నేరుగా మట్టిని కొడుతుంది, మట్టే వంకలోకి దిగుతుంది.

నిప్పును ఆపితే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్ళక్కరలేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, ఆ తర్వాత రెండు మూడేళ్ళకు ముష్టికోవెల ఊరివాళ్ళతో కలిసి బోడి గుట్టలను కాపాడే పని చేపట్టింది. చుట్టుపక్కల ఊళ్ళు ఒక్కొక్కటిగా చేరాయి. ఇప్పుడు కల్పవల్లి పేరుతో వేల ఎకరాల సమష్టి అడవి అది. వాళ్ళు చేసిన పనుల్లో మొక్కలు నాటడం కన్నా ముఖ్యమైనది అగ్గి రాకుండా చూడటమే అని నా అభిప్రాయం. వేసవికి ముందు గడ్డి చెక్కి ఖాళీ పట్టీలు తీస్తారు, ఊరివాళ్ళే కాపలా ఉంటారు, మంట కనిపిస్తే పరిగెత్తి కొమ్మలతో కొట్టి ఆర్పుతారు. నేలలో మొద్దులుగా మిగిలిన పాత వేళ్ళు మళ్ళీ చిగురించాయి. బోదగడ్డి తిరిగి వచ్చింది, వంకల పొడుగునా ఈతచెట్లు లేచాయి. ఆ ఆకు, ఆ గడ్డి అక్కడే పడి, అక్కడే చెదల పాలై, అక్కడే మట్టి కావడం వల్లే నీరు ఇంకే నేల తయారైంది. తర్వాత ఆ గుట్టల మీద గాలిమరలకు రోడ్లు వేసినప్పుడు వాలు తెగి మట్టి కొట్టుకుపోతోందని ఊళ్ళవాళ్ళు అభ్యంతరం చెప్పారు, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. మూడు అంగుళాల పైమట్టి తయారయ్యే కాలం తెలిసినవాళ్ళకు ఆ బాధ అర్థమవుతుంది.

అడవిలో జరిగేది చేలో ఎందుకు జరగదని ఎవరైనా అడగవచ్చు. జరుగుతుంది, పడేది ఉంటే. వేరుశనగ చేనులో చెట్టును వేళ్ళతో సహా పీకి, కాయ మనమూ కట్టె పశువులూ పంచుకుంటాం, నేలకు మిగిలేది రాలిన నాలుగు ఆకులు. అనంతపురం ఎర్రనేలలో వరసగా ఇరవై ఏళ్ళు వేరుశనగే వేస్తూ చేసిన ప్రయోగం ఫలితాలను కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించారు. మట్టిలో ఉన్న కర్బనం తరిగిపోకుండా ఉన్నచోట ఉండాలన్నా హెక్టారుకు ఏటా సుమారు 1.1 టన్నుల కర్బనం నేలకు తిరిగి చేరాలని అందులో తేలింది. సిఫారసు చేసిన ఎరువుల్లో సగం వేసి, దానికి తోడు హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు వేసిన మడి మంచి ఫలితం ఇచ్చింది. పొట్టు బట్టీలకు పోతున్న ఊళ్ళలో ఈ సంగతి ఎవరైనా దండోరా వేయాలి.

ఈ విషయాలు నమ్మడానికి నా మాట అక్కరలేదు, ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. శాస్త్రజ్ఞులు కూడా ఇదే చేస్తారు. దోమతెర గుడ్డతో రెండు సంచులు, చెద దూరేంత పెద్ద కళ్ళున్న నైలాన్ వలతో రెండు సంచులు కుట్టండి. ఒక్కోదానిలో బాగా ఎండిన ఆకు 50 గ్రాములు తూచి పెట్టండి. కానుగ ఒకటి, బందరు ఒకటి చొప్పున వేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మాఘంలో చెట్టు కింద నేలకు ఆనించి, రాయి బరువు పెట్టి వదిలేయండి. మృగశిర వానలకు ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి తీసి, మట్టి దులిపి, ఎండబెట్టి తూయండి. వానకు ముందు తరిగినది ఎండదీ చెదదీ, వాన తర్వాత తరిగినదాంట్లో పెద్ద వంతు సూక్ష్మజీవులది. పెద్ద కళ్ళ సంచిలో అదనంగా తరిగినది చెదల పని. బడి పిల్లల చేత చేయిస్తే మరీ మంచిది. సంచుల మీద తారీఖు రాయడం మాత్రం మరిచిపోకండి.